కాజాలమ్మ విప్పిన బూట్లు

చొక్కాలకు కాజాలు కుట్టే ఆ ముసలావిడను వీధంతా కాజాలమ్మ అనేది. ఆమె మనవరాలు పాదాలు రెండూ లోపలికి మెలితిరిగి పుట్టింది. డాక్టరు వారం వారం పిండికట్లు మార్చి పాదాలను తిన్నగా చేశాడు. ఆ తర్వాత రెంటినీ కలుపుతూ నడుమ కడ్డీ బిగించిన బూట్లు ఇచ్చి, మూడు నెలలు స్నానానికి తప్ప విప్పొద్దన్నాడు.

కూతురు మిషన్ కుట్టే పనికి వెళ్లగానే పిల్ల గుక్కపట్టి ఏడ్చేది. కాజాలమ్మ ప్రాణం విలవిల్లాడేది. దేవుడా అనుకుని బూట్లు విప్పేసి, కూతురు వచ్చే వేళకు మళ్లీ తొడిగేది.

ఇవాళ ఆసుపత్రిలో డాక్టరు పిల్ల పాదాలు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"మళ్లీ తిరిగిపోయాయమ్మా. బూట్లు విప్పేవారా?"

"ఒట్టు సార్, విప్పలేదు!" అంది కూతురు. "కావాలంటే మా అమ్మనడగండి. పిల్ల మీద ఈగ వాలనివ్వదు."

కాజాలమ్మ గోడ పట్టుకుంది. నర్సమ్మ చూసి స్టూలు జరిపింది. ఆమె కూర్చోలేదు.

"నేనే విప్పాను బాబూ. ఏడుస్తుంటే చూడలేకపోయాను."

"ఎన్నిసార్లమ్మా?" అంది కూతురు.

"రోజూనే తల్లీ."

డాక్టరు కసరలేదు. "మళ్లీ కట్లు వేస్తాను. కానీ ఈసారి పాదాలు పూర్తిగా తిన్నగా వస్తాయని మాటివ్వలేను," అన్నాడు.

కూతురు కళ్లు తుడుచుకుంది. "రేపటి నుంచి పని మానేస్తానమ్మా. పిల్లను నేనే చూసుకుంటా."

పిల్ల అమ్మమ్మ వైపు ఒరిగింది. కాజాలమ్మ చేతులు చాచింది. కూతురు పిల్లను ఇవ్వలేదు.