నాన్న అన్న "ఊఁ"

నాన్న మడి అమ్మేస్తున్నాడని ఆ వానాకాలమంతా నాకు అనుమానం. మాది ఆమదాలవలస పక్క ఊరు. ఆయన ముప్పయ్యేళ్ళు ఒక బియ్యం మిల్లులో మిషను దగ్గర పనిచేసి మానేశాక, ఉన్న ఎకరన్నర మడి చూసుకుంటూ ఇంటిపట్టునే ఉండేవాడు. మా మేనమామ అప్పుడప్పుడూ వచ్చి ఆయన్ని బండెక్కించుకుని శ్రీకాకుళం తీసుకుపోయేవాడు. ఎక్కడికని అడిగితే ఇద్దరూ మాట దాటేసేవారు. అంతవరకూ గట్టిగా మాట్లాడుతున్న నాన్న నేను గుమ్మంలో అడుగు పెట్టగానే ఫోను కట్ చేసేవాడు.

ఒక సాయంత్రం నేను పనిచేసే మందుల షాపు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, అటు తిరిగి కూర్చున్న ఆయన్ని అడిగేశాను.

"నాన్నా, మడి అమ్మేస్తన్నావేటి?"

"ఊఁ" అన్నాడు, తల తిప్పకుండానే.

మర్నాడే బీరువాలోంచి పొలం పాస్‌పుస్తకం తీసుకుపోయి షాపులో దాచాను. మడి అమ్మకుండా వకీలు చేత నాన్నకి నోటీసు ఇప్పిస్తానని అమ్మతో, నా భార్యతో చెప్పాను.

"మావయ్య నేనేటడిగినా సరిగ్గానే సెప్తాడు మరి" అంది నా భార్య, నాన్న గురించి.

"నా మాటకి బదులెప్పుడిచ్చాడు గనక!" అంది అమ్మ.

"అత్త వంటింట్లోంచి అరుస్తాది. నువ్వు ఎనకనించి అడుగుతావు. నేను టీ ఇస్తూ ఎదర నిలబడి మాటాడతాను. నోటీసు సంగతి తరవాత. ముందు ఓపాలి ఎదర కూకోని అడుగు."

ఈమెను కూడా తనవైపు తిప్పేసుకున్నాడా అనిపించింది. అయినా పొద్దున్నే స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుని, అదే మాట అడిగాను.

"మడి అమ్మడమేటి? ఎవుడు సెప్పాడ్రా?"

"మొన్న నువ్వే ఊఁ అన్నావు."

"కాళ్ళు కడుక్కొస్తానన్నావనుకున్నాను."

అప్పుడు నెమ్మదిగా చెప్పాడు. మిల్లు మోతకి చెవులు దెబ్బతిన్నాయట. మా మేనమామ తీసుకెళ్తున్నది చెవుల డాక్టరు దగ్గరికట.

"మాతో సెప్పొచ్చు కదా?"

"సెవిటోడినని తెలిస్తే మడి నీ పేర రాయించీసుకుంటావని భయం. బీరువాలో పుస్తకం తీసింది నువ్వే కదేటి?"

ఇన్నాళ్ళూ నేను ఆయన్ని కనిపెడుతున్నాననుకున్నాను. ఆయన కుర్చీలోంచి చూస్తే, పుస్తకం మాయం చేసి, వినబడకుండా మాట్లాడుకుంటూ తిరుగుతున్నది నేను. మధ్యాహ్నమే పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాను. పేజీలన్నీ తిప్పి చూసుకున్నాడు.

తరువాత వారం డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. చెవి మిషను పెట్టుకుంటే కొంత వినిపిస్తుందిగానీ పోయిన వినికిడి మళ్ళీ రాదన్నాడు డాక్టరు. ఆయన చెప్పిందంతా నాన్నకు ఎదురుగా నిలబడి తిరిగి చెప్పాను.

నాన్న నా పెదాలనే చూస్తూ విన్నాడు.

"అంతేనా? ఇంకేటీ దాసలేదు కదా?" అన్నాడు.