తుప్పు పోవాల, చెయ్యి ఉండాల

మా మామ మంగళవారం పొద్దున పోయారు. పెనుకొండలో మా ఇంటి పంచలోనే. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకున్నారు. అంతే. మధ్యాహ్నం నమాజు తర్వాత మగవాళ్ళు మట్టి ఇచ్చి ఇంటికి వచ్చారు. ఇంకా చెప్పులైనా విడవకముందే ఎవరో అన్నారు, "ఆ రంపాల గది ఇంక ఖాళీ చేసేయొచ్చు గదా" అని. ఎవరన్నారో నాకు తెలుసు. ఆయన కూడా ఇది చదువుతాడు. చదవనీ.

నేను మామకు చిన్నకోడలిని. హిందూపురం నుంచి ఈ ఇంటికి వచ్చి పద్దెనిమిదేళ్ళు. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వెన్నలాంటి మనసని మొదలుపెట్టాలంటారు. వెన్నా లేదు, మీగడా లేదు. మా మామ ఉత్త మొండిఘటం. పైగా నా చింతపండు దొంగిలించిన మనిషి.

పెళ్ళయి వచ్చిన మొదటి ఎండాకాలం అది. ఏడాదికని జాడీకెత్తిన చింతపండు వారం వారం తగ్గిపోతోంది. అది పిల్లులు తినే వస్తువు కాదు గదా! ఒకరోజు అనుమానం వచ్చి పంచ వెనక గదిలోకి తొంగిచూశాను. బోరుకు దించే లావాటి ప్లాస్టిక్ పైపును నిలువునా చీల్చి తొట్టి చేసుకున్నారు. తొట్టి నిండా చింతపండు పిసికిన నీళ్ళు. ఆ నీళ్ళలో పిడులు ఊడదీసిన మూడు పాత రంపాలు నానుతున్నాయి.

"మామా, చారులోకి ఏం వేసేది?" అని గట్టిగానే అడిగాను. కొత్తకోడలిననే భయం కూడా లేకపోయింది.

"ఈపొద్దు మజ్జిగ పోసుకొని తిందాంలేమ్మా. ఇట్లా రా, చూడు. తుప్పు ఎట్లా వదుల్తాండాదో!"

పోట్లాడ్డానికి పోయినదాన్ని అక్కడే కూలబడ్డాను. ఆయన ఇటుకపొడి వేసి రుద్దుతుంటే, గోధుమరంగు పెచ్చులు ఊడి, వాటి కింద నుంచి నల్లటి ఉక్కు నునుపుగా బయటపడింది. ఆ రోజు మా ఇంట్లో మజ్జిగన్నమే.

మామ వయసులో ఉన్నప్పుడు ధర్మవరంలో మగ్గాలు చేసేవారు. ఆ తర్వాత పెనుకొండ వచ్చి తలుపులూ కిటికీలూ చేశారు. కరెంటు కట్టర్లు వచ్చాక తోటి వడ్రంగులంతా తమ రంపాలను పాత ఇనుముకు వేసేశారు. మామ వాటి వెంట పడ్డారు. హిందూపురంలో రోడ్డు పక్క పరిచి అమ్మే పాత సామాన్లలో, కదిరిలో, ధర్మవరంలో, ఎక్కడ తుక్కు కుప్ప కనపడితే అక్కడ గొంతుకూర్చుని వెతికేవారు. పళ్ళు అరిగినవీ, పిడి విరిగినవీ, వంకర పోయినవీ ఏరి తెచ్చేవారు.

ఒకసారి హిందూపురంలో పాత ఇనుము కొట్టాయన నా ముందే ఎగతాళి చేశాడు. "ఏమప్పా, ఈ వయసులో ఈ తుక్కంతా యాడికి మోసుకపోతాండావు?"

"తుక్కని నువ్వంటాండావు. అది ఇంకా ఒప్పుకోలేదబ్బా" అన్నారు మామ.

ఇంకోసారి ధర్మవరం నుంచి ప్యాసింజరులో వస్తున్నాం. గోనెసంచిలో నాలుగు రంపాలున్నాయి. ఒక పోలీసాయన సంచి విప్పించి, ఇట్లాంటివి రైల్లో తీసుకుపోకూడదని ఇద్దర్నీ దారిలో ఒక చిన్న స్టేషన్లో దింపేశాడు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మామ మాత్రం ప్లాట్‌ఫారం మీది చెక్కబెంచీని చేత్తో తట్టి, "సారూ, ఇది దేంతో కోసినారనుకుంటాండావు?" అని అడిగారు. రైలు వెళ్ళిపోయింది. ఎండలో రోడ్డు దాకా నడిచి బస్సెక్కాం. మళ్ళీ ఆదివారం అదే సంచితో అదే రైలెక్కారు. ఇంట్లో ఎవరెంత చెప్పినా వినలేదు.

ఇంత గోల దేనికని మీకనిపించవచ్చు. ధర్మవరంలో మగ్గం మీద పట్టు పడుగు ఉండగా ఒక కర్ర విరిగిందనుకోండి. కట్టర్ పెడితే ఆ అదురుకు పోగులు తెగుతాయి, పొట్టంతా పట్టు మీద పడుతుంది. అప్పుడు చేతిరంపమే కావాలి. అది మెత్తగా కొయ్యాలి. మగ్గాలు బాగుచేసేవాళ్ళు బస్సెక్కి మా గది వెతుక్కుంటూ వచ్చేది అందుకే.

వచ్చినవాళ్ళకు అడగ్గానే ఇచ్చేవారు కాదు. గది గుమ్మానికి ఒక వేపచెక్క బిగించి ఉండేది. ఎవరికి రంపం కావాలన్నా ముందు దాంతో ఆ చెక్క కొయ్యాలి. కండబలం చూపించారో, మామకు ఒళ్ళు మండేది. "నొక్కొద్దప్పా! దాని బరువు దానికుండాది. నువ్వు దారి చూపు, చాలు" అనేవారు. చెక్కలో రంపం బిగుసుకుంటే, తప్పు రంపానిదా మనిషిదా అని ఆయనే తేల్చేవారు. రంపానిదైతే మళ్ళీ ఆకురాయి తీసేవారు. పళ్ళను ఒకటొకటిగా రాస్తూ, ఒకటి కుడికీ ఒకటి ఎడమకీ వంచుతూ సాయంత్రం దాకా కూర్చునేవారు. కళ్ళకు శుక్లాలు వచ్చాక వేలికొసతో తడిమి, చెవితో విని ఆ పని చేశారు. "ప్రతి పంటికీ ఒకే సద్దు రావాలమ్మా. తేడా వస్తే ఆడ నిలబడు" అని నాకూ నేర్పారు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ధర్మవరం నుంచి తెచ్చిన ఒక రంపం పిడి నల్లగా, జిడ్డుగా ఉండేది. మామను మెప్పిద్దామని ఆయన లేనప్పుడు ఉప్పుకాగితం పెట్టి కొత్తచెక్కలా తెల్లగా వచ్చేదాకా రుద్దాను. సాయంత్రం చేతిలో పెట్టాను. ఆయన బొటనవేలు పిడి మీద ఒకచోట వెతికింది. అక్కడ మూడు చిన్న గాట్లు ఉండేవట. నలుగురు వడ్రంగులు ఒకచోట పని చేస్తే ఎవరి రంపం ఎవరిదో తెలియడానికి పిడి మీద ఇట్లా గాట్లు పెట్టుకుంటారు. నేను వాటిని చెక్కపొడి చేసి ఊడ్చేశాను.

నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆయప్ప ఎవరో, యాడోడో. పని చేసినాడని చెప్పేదానికి అవి మూడే ఉండాయమ్మా" అన్నారు. రంపాన్ని మళ్ళీ నా చేతికిచ్చి, "తుప్పు పోవాల, చెయ్యి ఉండాల. గుర్తుపెట్టుకో" అన్నారు. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. నేనూ తినలేదు. ఆ తర్వాత ఏ రంపం తెచ్చినా, చెమటకు నల్లబడిన చోటనీ, బొటనవేలు ఒత్తి గుంటపడిన చోటనీ నేను ముట్టుకోలేదు.

ఇక శుక్రవారం సంగతి. పోయినవాళ్ళకు మూడో రోజు చదివించే ఫాతిహా గురువారం అయింది. మర్నాడే మా బావ, అంటే మామ పెద్దకొడుకు, పాత ఇనుము వాణ్ణి ఆటోతో సహా తీసుకొచ్చాడు. బావకు హిందూపురంలో కట్టర్ మిషన్ల అంగడి ఉంది. పెట్టెలు దించుకోవడానికి ఆ గది కావాలట. గోడకు ముప్పై ఒక్క రంపాలున్నాయి. అన్నీ పదును పెట్టినవే.

"ఏమ్మా, నాయనే పోయినాడు. ఇంక ఈటిని ఎవరు పట్టుకుంటారు?"

"నేను పట్టుకుంటా" అన్నాను.

బావ ముందు గొంతెత్తడం మా ఇంట్లో లేదు. ఆ రోజు నుంచి ఉంది. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. మా ఆయన నా చెయ్యి పట్టి లాగబోయాడు. విదిలించుకున్నాను.

"బావా, ఈ గదికి మీ నాయన పెట్టిన కట్టు ఒకటుండాది. ఈడనుంచి రంపం బయటికి పోవాలంటే ముందు ఈ చెక్క కొయ్యాల. నీకు నచ్చింది తీసుకో. అది కొయ్యకపోతే అన్నీ ఆటోలో వేసుకొని పో. నేను నోరెత్తను."

ఆటో వాడు నవ్వాడు. బావకు రోషం వచ్చింది. చేతికందిన రంపం లాగాడు. అది మామ సొంత రంపం, ధర్మవరంలో మగ్గాలు చేసిన నాటిది. వేపచెక్క మీద పెట్టి బలమంతా వేసి తోశాడు. రెండు తోపులకే బిగుసుకుంది.

"చూడు, బిగుసుకోలా?"

"నొక్కితే బిగుసుకోకేమి? దాని బరువు దానికుండాది. నువ్వు దారి చూపు, చాలు."

ఆ మాటలు నా నోటి నుంచి వచ్చాయి గానీ ఎవరివో బావకు తెలుసు. చిన్నప్పుడు విన్నవే. భుజాలు కిందికి జారాయి. పట్టు వదులు చేశాడు. రంపం కదిలింది. పొట్టు సన్నగా రాలుతోంది. ప్రతి పంటికీ ఒకే సద్దు. సగం దాకా కోసి, ఉన్నట్టుండి ఆగిపోయాడు. పిడి వైపు చూసుకున్నాడు. నాయన బొటనవేలు ఒత్తి ఒత్తి గుంట చేసిన చోట ఆయన బొటనవేలు కూర్చుని ఉంది.

రంపాన్ని చెక్కలోనే వదిలేసి బయటికి నడిచాడు. ఆటో వాడితో, "పోప్పా నువ్వు" అన్నాడు. నాతో మాత్రం, "మిగతాది మళ్ళా వచ్చి కోస్తాలే" అన్నాడు. ఎప్పుడొస్తాడో చెప్పలేదు. గది కావాలని మళ్ళీ అడగనూ లేదు.

ముప్పై రంపాలు గోడకే ఉండిపోయాయి. పోయిన వారం ధర్మవరం నుంచి ఒకాయన వస్తే నేనే చెక్క కోయించి ఒకటి ఇచ్చాను. గట్టిగా నొక్కబోతే కసిరాను కూడా. ఇప్పుడు ఇరవై తొమ్మిది. జాగా ఖాళీ అయింది గనక ఈ ఆదివారం తుక్కు కుప్పల మీదికి నేనే పోతున్నాను. ఎవరు ఏమనుకుంటారో అనుకోనీ.

ముప్పై ఒకటోది మాత్రం గుమ్మం దగ్గర వేపచెక్కలో సగం దిగి అట్లాగే ఉంది. నేను తియ్యలేదు, ఎవర్నీ తియ్యనివ్వలేదు. కొత్తగా వచ్చినవాళ్ళకు పక్కన ఇంకో చెక్క బిగించాను. శుక్రవారం శుక్రవారం దాని రేకుకు కానుగ నూనె రాస్తాను. పిడి తుడవను. బావా, చెక్క ఇంకా సగమే తెగింది.