సంతకం చోట వేలిముద్ర

ఒకప్పుడు పన్నెండు గ్రామాల శిస్తు మా ఇంటికి వచ్చేది. ఇప్పుడు నిజాంపేటలో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాను.

కిందటేడు పక్క ఫ్లాట్ శిరీష, "అంకుల్, మా ఆఫీసులో ఆసుపత్రి వెబ్‌సైట్ చేస్తున్నామండి. పెద్దవాళ్లకు అక్షరాలు కనిపిస్తున్నాయో లేదో చూడాలి, ఒకసారి రండి" అంది. రాయదుర్గంలోని వాళ్ల ఆఫీసుకు వెళ్లాను. ఆ రోజు ఆమె సెలవులో ఉంది.

తెల్లటి తెర మీద వెంట్రుకంత సన్నని బూడిదరంగు అక్షరాలు. కళ్లజోడు తుడుచుకున్నా ఒక్క ముక్కా కంటికి ఆనలేదు. ఆ మాట చెప్పడానికి అభిమానం అడ్డొచ్చి, "బాగుంది" అన్నాను.

"ఏం రాసుందో చదువు తాతా" అన్నాడు ఆ పేజీ చేసిన డిజైనర్. నేను తెర మీంచి చూపు తిప్పుకున్నాను.

"తాతకు చదువు రాదురా" అని పక్కవాడితో నవ్వి, నా ముందు కాగితం, ఇంకు ప్యాడ్ పెట్టాడు. "ఫికర్ చెయ్యకు తాతా. నువ్వు వచ్చినవని ఇగో, ఇక్కడ వేలిముద్ర వెయ్యి."

మా వసారాలో రైతుల చేత వేలిముద్రలు వేయించిన వంశం మాది. జేబులో పెన్ను ఉంది. కానీ సంతకం చేస్తే ఆ కాగితం మీద మా ఇంటిపేరు పడుతుంది. వేలిముద్రే వేశాను.

వారం తర్వాత లిఫ్టులో శిరీష కలిసింది.

"మీరు రాలేదేంటండీ అంకుల్? వచ్చినవాళ్లంతా అక్షరాలు బాగున్నాయన్నారట. ఒక్క తాత చదవలేదట. పాపం, చదువే రాదని ఆయన్ను లెక్కలోంచి తీసేశారు."

"తీరిక లేకపోయిందమ్మా" అన్నాను.

పరువు దక్కిందనే అనుకున్నాను. ఆ ఆసుపత్రిలోని నా గుండె డాక్టరు ఇప్పుడు అవే సన్నని అక్షరాల పేజీలో పేరు నమోదు చేసుకున్నవారినే చూస్తున్నారు. చదివి పెట్టమని శిరీషను అడగాలి. ఇంకా అడగలేదు.