భాస్వరానికి వాసన ఉండదు

నిన్న కేతేపల్లి బస్సులో నా పక్కన కూర్చున్న ముసలాయన అరచేతిలో పొగాకు, సున్నం వేసి బొటనవేలితో నలిపాడు. ఆ ఘాటుకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన నొచ్చుకుని చేయి అటు తిప్పుకున్నాడు. ఖాసీం సార్ గుర్తొచ్చారని ఆయనకెలా చెప్పను?

ఖాసీం సార్ నల్లగొండ శివారులో ఒక చిన్న ఎరువుల కార్ఖానాలో కెమిస్టు. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను ఆయనకు సహాయకురాలిగా చేరాను. చదువు ఇంటర్‌తో ఆగినా, గ్రంథాలయంలో రసాయన శాస్త్రం పుస్తకమన్నది ఒక్కటీ వదల్లేదన్న గర్వం నాది. మొదటి రోజే గాలిలోని నత్రజని అమ్మోనియాగా ఎలా మారుతుందో గడగడా అప్పజెప్పాను. ఆయన అంతా విని, నా అరచేతిలో నాలుగు ఎరువు గుళికలు పోసి, కొంచెం సున్నం రాసి, నలపమన్నారు. ఘాటు నెత్తికెక్కింది. "గదే నీ అమ్మోనియా. బుక్కుల గింత ఘాటున్నదా?" అని నవ్వారు. తర్వాత అవే గుళికలను గాజు గొట్టంలో కరిగించి, మందు చుక్కలు వేసి కాచారు. అడుగున పసుపుపచ్చని మడ్డి దిగింది. "గిది భాస్వరం. రెండూ చూసినంకనే కాగితం మీద దస్కత్."

ఒక వానాకాలం ఆయన భార్యను దవాఖానకు తీసుకెళ్లారు. నాట్ల రోజులు. ఎరువు నింపిన లారీ బయట ఆగి ఉంది. "నువ్వు సదువుకున్నదానివే కదమ్మా, జర చూడు" అన్నాడు యజమాని. ఆ మాటకు ఉబ్బిపోయి, సున్నంతో నలిపి, బాగుందన్నాను. గొట్టం ముట్టలేదు. మర్నాడు సార్ కాగితం ముందుపెట్టుకుని అడిగారు.

"రెండూ చూసినవా బిడ్డా?"

"చూసిన సార్."

ఆయన దస్కత్ పెట్టారు.

నెల దాటాక కేతేపల్లి రైతు ఒకాయన మడిలోంచి పీకిన వరి మొక్కను తెచ్చి బల్ల మీద పెట్టాడు. పిలకలు లేవు. వేరు వేలెడు కూడా లేదు. "ఖాసీం సారు చూసిన ఎరువని కండ్లు మూసుకోని చల్లిన. మూడెకరాలు గిట్లనే ఉన్నది" అన్నాడు. ఆ లారీ ఎరువులోంచి దాచి ఉంచిన నమూనాను సార్ గొట్టంలో కాచారు. పసుపు దిగలేదు. ముడిసరుకు అమ్మినవాళ్లు భాస్వరానికి బదులు మట్టి కలిపి పంపారు. ఆయన నా వైపు చూసి మెల్లగా అన్నారు: "నీ ముక్కు మంచిదే బిడ్డా. భాస్వరానికి వాసనుండది."

ఎవరు పరీక్షించారని విచారణకొచ్చిన అధికారి అడిగితే "నేనే" అన్నారు. నేను పక్కనే ఉండి నోరు తెరవలేదు. ఆయన కొలువు పోయి నారాయణపేట వెళ్లిపోయారు. వెళ్లి తప్పు ఒప్పుకోవాలనుకుంటూనే ఏళ్లు గడిపాను. చివరికి వెళ్లేసరికి సమాధి చూపించారు.

ఇప్పుడు మరో కార్ఖానాలో నమూనాలు చూస్తున్నాను. గొట్టంలో పసుపు దిగిన ప్రతిసారీ "రెండూ చూసిన సార్" అని పైకే అంటాను. ఇప్పుడది నిజం. అడిగేవారే లేరు.