టక్కున పండిపోయిన చిన్నరసం

రెండేళ్ల కిందట మా అత్తయ్య చాట్రాయిలోని మామిడితోట కాపును గుత్తకు ఇవ్వనన్నారు. చిన్నరసాలు వరిగడ్డిలో మాగబెట్టి తానే అమ్ముతానని పట్టుబట్టారు. ఇంట్లో ఒక్కరూ సరేననలేదు. వెబ్ పేజీలు తయారుచేయడం నా ఉద్యోగం కాబట్టి, అమ్మకానికి పేజీ పెట్టే పని నా నెత్తిన పడింది.

పేజీ పైన ఒక మామిడికాయ బొమ్మ. అది చూస్తుండగానే ఆకుపచ్చ నుంచి బంగారు పసుపులోకి మారాలి. ముందు మొదటి రంగూ చివరి రంగూ ఇచ్చి, మధ్యలో సంగతి బ్రౌజర్‌కే వదిలేశాను. మధ్యలో బురద రంగు వచ్చింది. అత్తయ్య తొంగిచూసి, "ఏంటమ్మా అది, కుళ్లిందా?" అన్నారు.

ఎందుకలా అయింది? అది తేలకపోతే నాకు అన్నం సయించదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లను తిన్నగా కలిపేస్తే కళ పోతుందట. రంగుల చక్రం వెంట నడిపించి కలిపితే పోదట. అలాగే కలిపి, అందులో పసుపు వంతు ఎంతో చెప్పే శాతాన్ని చేత్తో మార్చి మార్చి చూశాను. ఎక్కడ ఆపినా కాయ నిగనిగలాడింది. ఇంకేం, ఆ శాతాన్నే సున్నా నుంచి నూరుకు కదలమని రాసి పేజీ పెట్టేశాను. కదులుతుంటే ఎలా ఉందో చూడనే లేదు, నా తొందర తగలెయ్య.

మర్నాడు మైలవరం నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. స్పీకర్‌లో పెట్టాను.

"గడ్డిలో మాగబెట్టామని రాశారు. మీ కాయేమో టక్కున పండిపోయింది. కార్బైడ్ గానీ వేస్తున్నారేంటండీ?"

నాకు నవ్వొచ్చింది గానీ, అత్తయ్య మొహం చూసి మింగేశాను. "మొదట్లోనే ఈ పేరొస్తే మన కాయ ఎవరు కొంటారమ్మా? వచ్చే ఏడు మళ్లీ గుత్తకే," అన్నారు.

కూర్చుని చూశాను. నిజమే, కాయ సగం సేపు ఆకుపచ్చగానే ఉండి ఒక్కసారిగా పసుపైపోతోంది. నేను రాసింది శాతమని బ్రౌజర్‌కు తెలియదు, ఏదో మాట అనుకుంది. రెండు మాటల నడుమ మెట్లేముంటాయి? అందుకే సగంలో దూకేసింది. ఇది శాతమని విడిగా ఒక ముక్క రాశానో లేదో, రంగు క్షణక్షణానికీ కొత్తగా కలుస్తూ కాయ నెమ్మదిగా పండింది. నేను మురిసిపోతూ మళ్లీ మళ్లీ చూస్తుంటే, అత్తయ్య నా ఫోన్ తీసుకుని ఆవిడకు చేశారు.

"అమ్మా, ఇందాకటి రసాలవాళ్లమండీ. పేజీ ఇంకొక్కసారి తెరిచి చూస్తారా?"

అత్తయ్య ఫోన్ చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నారు. నాకు భయమేసింది.

"ఆ, చెప్పండి," అన్నారు అత్తయ్య చివరికి, పెన్ను కోసం నా వైపు చెయ్యి చాపుతూ. "మైలవరంలో ఎక్కడమ్మా మీ ఇల్లు?"