జముకు మోగిన పాక

మొన్న మా మనవరాలు నెలసరి నొప్పితో మెలికలు తిరుగుతూ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుంది. పాటలు వింటే కాస్త సర్దుకుంటుందని శ్రీకాకుళంలో డాక్టరమ్మ చెప్పిందట. అది వినగానే నా వీపు చురుక్కుమంది.

అరవైల చివర్లో, గజపతినగరం దగ్గర మా ఊళ్ళో, నాకు పద్నాలుగేళ్ళు. నెలనెలా పశువులశాల పక్క పాకలో కూర్చోబెడితే నేను పెట్టే కేకలకు ఎడ్లు బెదిరిపోయేవి. మన ఈడువాళ్ళకు చెప్పేదేముంది, నొప్పంటే ఎవరు నమ్మారు గనక! గాలి సోకిందని నాయనమ్మ తేల్చేసింది, అయ్య భూతవైద్యుణ్ణి పిలుచుకొచ్చాడు, అతని వెంట తీగ మీటి జముకు వాయించే ముసలాయన ఒకడు. ముట్టయిన పిల్లను తాకకూడదు గనక, ఆ మహానుభావుడు గుమ్మం బయటే నిలబడి పొడుగాటి చింతబరికెతో నా వీపు చీరేశాడు. ఎంత మడి, ఎంత ఆచారం! రవిక నెత్తురుతో ఒంటికి అంటుకుపోయింది. చెయ్యి అలిసి అతను చుట్ట కాల్చుకోడానికి వెళ్తే, ముసలాయన మాత్రం ఆపకుండా మీటుతూ ఏదో అమ్మవారి కథ సన్నగా పాడుతూ కూర్చున్నాడు. ఆ గుమ్‌గుమ్ నాదం నేలలోంచి పొత్తికడుపులోకి పాకినట్టయి, లోపల పిడికిలిలా బిగిసిందేదో మెల్లగా వదులై, నాకు నిద్రపట్టేసింది. దెయ్యం దిగిందన్నారు, పేరు బరికెకు వచ్చింది. గుమ్మం పక్కనే కూర్చున్న మా అమ్మకు మాత్రం ఏది పనిచేసిందో తెలుసు.

మరుసటి నెల అయ్య మళ్ళీ ఇద్దర్నీ తెచ్చాడు. అమ్మ రోకలి పట్టుకుని పాకకు అడ్డంగా నిలబడి, “జముకు తాతని రానీ. ఆ బరికోడు అడుగెట్టాడంటే ఇరగ్గొట్టేత్తాను, సూసుకో!” అంది. అయ్య కొట్టిన చెంపదెబ్బకు అమ్మ పెదవి చిట్లింది. భూతవైద్యుడు నవ్వుతూ బరికె ఎత్తాడు, రోకలి అతని ముంజేతి మీద దిగింది. ఎముక విరిగిన ఆ చప్పుడు, అబద్ధమెందుకు, నాకు జముకంత హాయిగానూ వినిపించింది.

“ఓలమ్మో, దెయ్యం పిల్లనొగ్గేసి తల్లిని పట్టీసిందిరో!” అని అరుస్తూ అతను పరుగెత్తాడు. ఊరంతా అదే నమ్మింది, అయ్య కూడా నమ్మాడు కాబోలు, ఆ తర్వాత అమ్మ మీద చెయ్యెత్తనేలేదు. నెలనెలా ముసలాయనొక్కడే వచ్చి, పాక బయట కూర్చుని వాయించి, గంజి తాగి వెళ్ళేవాడు.

ఇప్పుడు మనవరాలు నొప్పంటే ఇంటిల్లిపాదీ నొప్పనే అనుకుంటారు, తలుపేసుకుని తన పాటలు తను వింటుంది, గుమ్మం దగ్గర కాపలా కూర్చోవలసిన పని ఎవరికీ లేదు. అది నొప్పేనన్న ఒక్క మాట ఎవరిచేతా నమ్మించలేకనే మా అమ్మ పోయేదాకా దెయ్యం పట్టిన మనిషి అనిపించుకుంది, ఒక్కనాడూ కాదనలేదు.