బియ్యప్పిండి ఎముకలు

మా అత్త పోయిందని పోర్ట్ క్లాంగ్ నుంచి తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. పొద్దున కాఫీ కలుపుకుని, చల్లారనిద్దామని కుర్చీలో వెనక్కి వాలిందట, అంతే. తర్వాత వాడు, "అక్కా, అత్త నాకు ఎముకల ముగ్గేసినాది, గేపకముందేటి?" అన్నాడు. చావు కబురు మధ్యలో ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు సంగతే మీకు చెప్పాలనిపించింది.

అత్త మా నాన్నకి అక్క. మలేసియాలో బంటింగ్ అనే ఊళ్లో మా పక్కిల్లే ఆమెది. చేతి తొడుగుల ఫ్యాక్టరీలో పనిచేసేది. నాన్న ఆమెని మా పాతవాళ్లు అక్కని పిలిచే పద్ధతిలో "అప్పా" అని పిలిచేవాడు. తమిళంలో అప్పా అంటే తండ్రి కదా. ఎదురింటి తమిళాయన చాలాకాలం తికమకపడి, చివరికి మా ఇంటి పెద్ద ఆమేనని సరిపెట్టుకున్నాడు. ఆయన అనుకున్నదాంట్లో పెద్ద తప్పేమీ లేదు.

మా తాత పోయిన ఏడు అది. తమ్ముడు బాగా చిన్నవాడు. తాతని తెల్లదుప్పటి కప్పి పడుకోబెట్టడం చూసినప్పటినుంచి వాడికి దెయ్యాల భయం పట్టుకుంది. పట్టపగలు కూడా వంటింటి వెనక స్నానాలగదికి ఒంటరిగా వెళ్లేవాడు కాదు. తలుపు బయట నేను పాట పాడుతూ నిలబడాలి. పాట ఆగితే లోపల ఏడుపు మొదలు.

అప్పుడే మా క్లాసు పిల్ల ఒకతి క్లాంగ్‌లో ఏదో మాల్‌లో హాలోవీన్ చూసొచ్చింది. దెయ్యం వేషం కట్టుకుని అడిగితే చాలు, మిఠాయిలిస్తారంది. నాకు ఆశ పుట్టింది. నాన్నని అడిగితే, వాడికి ఉన్న భయం చాలదా అని కసిరాడు. అత్త దగ్గరికెళ్లాను. ఆమె అంతా శ్రద్ధగా విని, దెయ్యాలు అన్నం ముద్ద అడుగుతాయని తెలుసు గానీ మిఠాయి అడగడం ఎక్కడా వినలేదంది. ఆ తర్వాత, "బయపడే గుంటడికే ఏసం కట్టాల. ఆడే దెయ్యమైతే ఇంకెవులికి బయపడతాడు?" అంది.

పొద్దుగుంకే మగ్రిబ్ నమాజు వేళ పిల్లలు బయట తిరగకూడదని మా వీధి మలయ్ వాళ్లు అంటారు. అత్తదీ అదే మాట. "దెయ్యాలైనా మగ్రిబ్‌కి ముందే ఇంటికి సేరాల" అని, ఎండ ఇంకా మండుతుండగానే మమ్మల్ని తయారుచేసింది. తెల్లదుప్పటి మళ్లీ తమ్ముడి కంట పడకూడదని, మందారపూల దుప్పటికి కళ్లు కత్తిరించి నా మీద వేసింది. వాడికి నల్లచొక్కా తొడిగి, బియ్యప్పిండి జారుగా కలిపి ఎముకలు గీసింది. ఆమెకొచ్చిన బొమ్మలన్నీ ముగ్గులే. పక్కటెముకలు చుక్కలు పెట్టి కలిపింది. కడుపులో ఏముంటుందో తెలియక తామరపువ్వు వేసింది.

వీధిలోకి వెళ్లేసరికి పిండి ఎండి రాలడం మొదలైంది. మేం మక్‌చిక్ అని పిలిచే మలయ్ పెద్దావిడ కోళ్లు అది కనిపెట్టాయి. కాస్త దూరం పోయేసరికి అస్థిపంజరం వెనక కోళ్ల మంద! వాడు పరిగెత్తితే అవీ పరిగెత్తాయి. చివరికి విసిగి, గిరుక్కున తిరిగి, చేతులు పైకెత్తి గట్టిగా అరిచాడు. కోళ్లు చెల్లాచెదురయ్యాయి. తనని చూసి ఇంకొకరు భయపడటం వాడికి అదే మొదలు. అక్కణ్ణుంచి ప్రతి ఇంటి తలుపూ వాడే తట్టాడు.

ప్రతి ఇంట్లోనూ మిఠాయి సిద్ధంగా ఉంది. చీనా అవ్వ ఇచ్చినదీ, తమిళాయన ఇచ్చినదీ గులాబీరంగు కొబ్బరి మిఠాయే.

"అత్తా, అన్నిళ్లలోనూ నువ్వు సేసిందే ఉందేటి?" అన్నాడు తమ్ముడు.

"దెయ్యాలకి అంత నోరుండకూడదు లా" అంది అత్త, మలయ్ వాళ్లలా చివర 'లా' తగిలించి.

పొద్దున్నే ఆమె ఇంటింటికీ పంచి వచ్చిందన్నమాట. మక్‌చిక్ మాత్రం తన వంతు తినేసి, సిగ్గుపడుతూ రొయ్యల అప్పడాలు తెచ్చిచ్చింది.

వీధి మలుపులో నాన్న మోటార్‌సైకిల్ ఆగింది. నేను దుప్పటిలోనే బిగుసుకుపోయాను. ఎముకలన్నీ రాలిపోయి ఒక్క తామరపువ్వు మిగిలిన తమ్ముడు ముందుకెళ్లి చెయ్యి చాపాడు.

"నాన్నా, మిఠాయి ఇయ్యి. నేకపోతే బయపెడతాను."

నాన్న వాణ్ణి చూశాడు, అత్తని చూశాడు. జేబులు తడుముకుని, దగ్గుబిళ్ల తీసి వాడి చేతిలో పెట్టాడు. "బయమేసినాదిరా" అన్నాడు.

ఇంటికొచ్చాక వాడు ఒళ్లు కడుక్కోడానికి ఒక్కడే వెళ్లాడు. నేను అలవాటుకొద్దీ బయట పాట ఎత్తుకుంటే, గోల చెయ్యొద్దన్నాడు.

అత్త ఇదంతా తన గొప్ప అని ఏనాడూ అనలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, కోళ్ల పుణ్యం అనేది. భయాల్ని ఎదుర్కోవడం గురించి పెద్ద పెద్ద మాటలు తర్వాత చాలా విన్నాను. ఏదీ ఆ పిండిగిన్నె అంత బాగా పనిచేయలేదు.

మరుసటి ఏడు వీధి పిల్లలంతా మాతో వచ్చారు. ఆ రోజు ఎండ మరీ ఎక్కువ. అత్త నల్లగొడుగు వేసుకుని ముందు నడుస్తోంది. వెనక దెయ్యాలన్నీ ఎండకి ఓర్చుకోలేక, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఆ నీడలో దూరుతున్నాయి. ఆమె వెనక్కి చూడకుండానే గొడుగుని మావైపు వంచి, తను ఎండలో నడిచింది.